మొదటి కుట్టు మిషన్: నాలుగు సలహాలు, ఒక లెక్క

కుట్టు నేర్చుకోవాలనుకునే ఇంట్లో ముందుగా పుట్టే తగువు మిషన్ గురించే. టైలరింగ్ నేర్పే అక్కని అడిగితే కాలి మిషన్ కొనుక్కోమంటుంది. కాలు కుదిరితే చెయ్యి దానంతటదే కుదురుతుందని ఆవిడ నమ్మకం. షోరూంలో కుర్రాడు తెల్లటి పోర్టబుల్ మిషన్ మీద చెయ్యివేసి, ఇరవై రకాల కుట్లు వేస్తుందంటాడు. బొటిక్ నడిపే ఆవిడ, అవన్నీ ఎందుకు, ఎప్పటికైనా పవర్ మిషన్ దగ్గరికే రావాలి కదా అంటుంది. ఇక ఫోన్ తెరిస్తే రెండు వేల లోపే అరచేతి మందాన మిషన్ ఇంటికి పంపిస్తామని ప్రకటన.

చివరిదాన్ని పక్కన పెడితే, మిగతా మూడూ అనుభవం మీద చెప్పిన మాటలే. చిక్కల్లా ఎవరి పని వాళ్ళ సలహాలో కనిపించడం. నేర్పే అక్క పదేళ్ళుగా పాడవని మిషన్‌ని చూసింది. షోరూం కుర్రాడు అమ్ముడుపోయేదాన్ని చూశాడు. బొటిక్ ఆవిడ రోజుకి పది జాకెట్లు దిగాల్సిన బల్లని చూసింది. కొత్తగా నేర్చుకునే మనిషి అవసరం ఈ మూడింటికీ కొంచెం పక్కగా ఉంటుంది. ఆ మనిషికి కావాల్సింది మూడే: మెల్లగా నడవాలంటే నడిచే మిషన్, చెడిపోతే ఊళ్ళోనే బాగయ్యే మిషన్, వద్దనుకున్నప్పుడు మంచి ధరకే చెయ్యి మారే మిషన్. బజారులో ఉన్న రకాలన్నిటినీ ఈ మూడు గీటురాళ్ళ మీద గీసి చూడడమే ఈ వ్యాసం పని.

అన్నీ వేసేది ఒకటే కుట్టు

రకాల్లోకి వెళ్ళేముందు మిషన్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం అయోమయం తీరుతుంది. సూది గుడ్డలోంచి కిందికి దిగి, తిరిగి రెండు మిల్లీమీటర్లు పైకి లేవగానే పై దారం సూది వెనక చిన్న ఉచ్చులా వదులవుతుంది. సరిగ్గా ఆ క్షణానికి షటిల్ కొక్కెం వచ్చి ఆ ఉచ్చుని అందుకుని, అడుగు దారం ఉండే బాబిన్ చుట్టూ తిప్పేస్తుంది. పై దారం, అడుగు దారం గుడ్డ మందం మధ్యలో ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. కింద ఉన్న పళ్ళు గుడ్డని ఒక కుట్టంత వెనక్కి జరుపుతాయి. మళ్ళీ సూది దిగుతుంది. 6,000 రూపాయల నల్ల మిషన్‌లోనూ 60,000 రూపాయల కంప్యూటర్ మిషన్‌లోనూ తిన్న కుట్టు పడేది ఈ పద్ధతిలోనే.

ఈ పద్ధతి వయసు పెద్దదే. ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ 1830లో పేటెంటు తీసుకున్న మిషన్ ఒంటి దారంతో గొలుసు కుట్టు వేసేది. సైన్యం దుస్తులు కుట్టే అతని కార్ఖానా మీద, తమ కూడు పోతుందన్న భయంతో తోటి దర్జీలే పడి మిషన్లు విరగ్గొట్టారు. రెండు దారాల కుట్టుకి అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు పొందాడు. ఐజాక్ సింగర్ 1851లో నిలువుగా కదిలే సూది, గుడ్డని అదిమిపట్టే ఫుట్, కాలితో తొక్కే పెడల్ కలిపి మిషన్‌కి ఇప్పుడు మనకి తెలిసిన రూపం ఇచ్చాడు. వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టి దాన్ని ఇళ్ళలోకి చేర్చింది కూడా సింగర్ కంపెనీయే. యంత్రాలంటే అంత అనుమానం ఉన్న గాంధీజీ సైతం సింగర్ మిషన్‌కి మినహాయింపు ఇచ్చారు. మనిషి శ్రమ తగ్గించే యంత్రం వేరు, మనిషినే తీసేసే యంత్రం వేరని ఆయన వాదన.

మన దేశంలో 1930ల్లో కలకత్తాలో మొదలైన జే ఇంజినీరింగ్ వర్క్స్ ఉషా మిషన్లు తయారుచేసింది. తర్వాత పంజాబ్‌లోని లూధియానా కుట్టు మిషన్లకీ వాటి విడిభాగాలకీ పెద్ద కేంద్రమైంది. ఇవాళ ఊళ్ళో కనిపించే నల్ల మిషన్, దాని మీద ఏ పేరున్నా, చాలావరకు సింగర్ పాత నమూనాల వంశమే. అందుకే ఒక కంపెనీ బాబిన్, ఒక కంపెనీ సూది, ఇంకో కంపెనీ షటిల్ తరచూ ఒకదానికొకటి సరిపోతాయి. పల్లెటూరి మెకానిక్ సంచిలో పట్టే సామానుతో ఎన్నో రకాల మిషన్లు బాగుచేయగలగడానికి కారణం ఇదే. మొదటి మిషన్ ఎంపికలో ఈ సంగతికి చాలా బరువుంది.

కాలి మిషన్: పాత సలహాలో ఉన్న బలం

నల్లటి పోత ఇనుము తల, చెక్క బల్ల, ఇనప స్టాండు, తోలు బెల్టు. ఊరిని బట్టి, బల్ల చెక్కని బట్టి మొత్తం 6,000 నుంచి 12,000 రూపాయల మధ్య వస్తుంది. దీని మొదటి గొప్పతనం వేగం కాలి చెప్పుచేతల్లో ఉండడం. ఒక్కొక్క కుట్టుగా కదలాలన్నా కదులుతుంది. మెడ వంపు దగ్గర, చంక మలుపు దగ్గర కొత్తవాళ్ళు తడబడేచోట ఇది ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. రెండోది, ఇనుము బరువు వల్ల మిషన్ అదరదు. మందపాటి జోడింపుల మీద సూది వెనకాడదు.

ఈ రెండో సంగతి మన ఇళ్ళలో మరీ ముఖ్యం. ఇక్కడ కుట్టు నేర్చుకోవడమంటే చాలామందికి జాకెట్టు నేర్చుకోవడమే. లైనింగ్ జాకెట్టు భుజం దగ్గర గుడ్డ, లైనింగ్, మళ్ళీ గుడ్డ, లైనింగ్ కలిపి నాలుగు పొరలు. పైపింగ్ వేస్తే దాని మడతలు అదనం. హుక్కుల పట్టీ దగ్గర, పట్టు జాకెట్టు చేతుల జరీ అంచు దగ్గర ఇంకా మందం. అంటే నేర్చుకునే మొదటి నెలలోనే మిషన్‌కి కఠినమైన పరీక్ష ఎదురవుతుంది. చిన్న పిల్లల గౌన్లతో, దిండు గలీబులతో మొదలుపెట్టే దేశాల్లో పనికొచ్చే సలహా మనకి అలాగే అతకదు.

లోపాలూ ఉన్నాయి. తొక్కడం అలవాటయ్యేదాకా చక్రం వెనక్కి తిరిగి దారం చిక్కుపడుతూ ఉంటుంది; ఖాళీ కాగితం మీద దారం లేకుండా గీతలు కుట్టించి తొక్కుడు నేర్పేది అందుకే. బల్లకి స్థలం కావాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి, గంటల తరబడి కుట్టేవాళ్ళకి కష్టం. తిన్న కుట్టు తప్ప మరోటి వేయదు కాబట్టి అంచుల పోగులు ఊడకుండా ఇంకో దారి చూసుకోవాలి. అయితే ఇందులో ఒక వెసులుబాటు ఉంది: అదే తలకి పక్కన చిన్న మోటారు బిగించి, కాలి కింద పెడల్ పెట్టుకోవచ్చు. తొక్కడం నేర్చుకున్నాక మోటారు, మోటారు చెడితే మళ్ళీ తొక్కుడు. వంద వాట్ల మోటారు గంటసేపు ఆగకుండా తిరిగితే అయ్యేది యూనిట్‌లో పదోవంతు, కాబట్టి కరెంటు బిల్లుకి భయపడక్కర్లేదు.

నల్ల మిషన్లలోనూ రెండు తరగతులున్నాయి. ఇంటి వాడకానికి చేసే మామూలు తల ఒకటి. టైలర్లు వాడే లింక్ మోషన్ తల రెండోది. రెండో దాంట్లో దారాన్ని పైకి లాగే చెయ్యి లింకుల మీద కదలడం వల్ల తేలిగ్గా, ఎక్కువ వేగంతో నడుస్తుంది. ధర కొంత ఎక్కువ. కుట్టుని సంపాదనగా చేసుకునే ఆలోచన ఏ కొంచెం ఉన్నా ఆ తేడా పెట్టడం దండగ కాదు. చేత్తో చక్రం తిప్పే మిషన్ మాత్రం నేర్చుకోవడానికి అంత మంచిది కాదు. ఒక చెయ్యి చక్రానికే పోతే గుడ్డని నడిపించడానికి మిగిలేది ఒక్క చెయ్యే.

పోర్టబుల్ మిషన్: ఇరవై కుట్లలో అక్కరకొచ్చేవి నాలుగు

తెల్లటి ఒళ్ళు, లోపలే మోటారు, కాలి కింద పెడల్, బీరువా మీద పెట్టేసుకునేంత బరువు. ఉషా జానోమ్, సింగర్, బ్రదర్ పేర్లతో దొరికే ఈ తరగతి దాదాపు 9,000 దగ్గర మొదలై 20,000 దాకా పోతుంది. పట్నంలో అద్దె ఇళ్ళలో, అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకి దీని ఆకర్షణ సహజం. బల్ల అక్కర్లేదు, భోజనాల టేబుల్ చాలు.

దీని అసలు బలం జిగ్‌జాగ్. అంచు మీద జిగ్‌జాగ్ వేస్తే పోగులు ఊడవు, సాగే గుడ్డ కుట్టినా కుట్టు తెగదు. కాజాలు తీస్తుంది. ముందున్న పెట్టె లాగేస్తే సన్నటి చెయ్యి ఒకటి మిగులుతుంది. జాకెట్టు చేతులు, పిల్లల ప్యాంటు అంచులు దానికి తొడిగి గుండ్రంగా కుట్టుకోవచ్చు. పిల్లల బట్టలు, నైటీలు, కర్టెన్లు, మార్పులు చేర్పులు పనిగా పెట్టుకున్న ఇంటికి ఇది నల్ల మిషన్‌కన్నా ఎక్కువ సాయం చేస్తుంది. చీరకి ఫాల్స్ వేయడానికి మాత్రం జిగ్‌జాగ్ అవసరం లేదు. కింది అంచు తిన్న కుట్టు, పై అంచు చేతి హెమ్మింగ్. పీకో సంగతి వేరు. షాపుల్లో పీకోకి ప్రత్యేకంగా మిషన్ పెట్టుకుంటారు. ఇంటి జిగ్‌జాగ్‌తో దాని దరిదాపులకి రావచ్చుగానీ అంత వేగం, అంత నున్నదనం రావు.

ఇక పెట్టె మీద రాసే కుట్ల సంఖ్య. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి. సంఖ్య పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. ఏడాది వాడినవాళ్ళ మిషన్ మీద అరిగిన గుర్తులు మాత్రం తిన్న కుట్టు, జిగ్‌జాగ్, కాజా, కనిపించని అంచు కుట్టు దగ్గరే ఉంటాయి. ఆకులూ పూల బాటల్లాంటి అలంకార కుట్లు మొదటి వారం సరదా. అదే డబ్బు కుట్టు పొడవునీ జిగ్‌జాగ్ వెడల్పునీ విడివిడిగా మార్చుకునే ఏర్పాటున్న మిషన్ మీద పెడితే రోజూ పనికొస్తుంది. కొన్ని ప్రారంభ మోడళ్ళలో ఈ రెండూ ముందే బిగించేసి ఉంటాయి. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఇదే, ఎన్ని కుట్లని కాదు.

లోపాల్లో మొదటిది పెడల్. కాలు కొంచెం నొక్కితే చాలా మిషన్లు కదలవు, ఇంకొంచెం నొక్కితే ఉరుకుతాయి. నిమిషానికి 850 కుట్ల గరిష్ఠ వేగం అంటే, రెండున్నర మిల్లీమీటర్ల కుట్టు మీద, సెకనుకి మూడున్నర సెంటీమీటర్లు. చదవడానికి చిన్న అంకె. మెడ గుండ్రం దగ్గర ఒక్క సెకను అదుపు తప్పితే కుట్టు విప్పి మళ్ళీ వేయాలి. రెండోది మందం. బరువు తక్కువ మిషన్లు జీన్స్ అంచు మడతల దగ్గర, పైపింగ్ కలిసే మూల దగ్గర మూలుగుతాయి. అక్కడ చేత్తో చక్రం తిప్పుతూ దాటించడం నేర్చుకోవాలి. మూడోది మరమ్మతు. లోపలి ప్లాస్టిక్ పళ్ళ చక్రం విరిగితే, మోటారు కాలితే ఊరి మెకానిక్ చేతులెత్తేయవచ్చు. కంపెనీ సర్వీసు సెంటర్ ఉన్న పట్నంలో ఇది సమస్యే కాదు. మండల కేంద్రంలో ఉండేవాళ్ళకి ఇదే అసలు సమస్య.

కంప్యూటర్ మిషన్: ఖరీదైనది, ఒక్క సుగుణం మాత్రం అపురూపం

ధర 20,000 దాటాకే మొదలవుతుంది, పైన హద్దు లేదు. తెర మీద నంబరు నొక్కితే కుట్టు మారడం, కాజా ఒక్క నొక్కుతో పూర్తవడం, సూది ఎప్పుడు ఆగినా కిందే ఆగడం. చివరిది చిన్నదిగా అనిపిస్తుంది గానీ, మూల తిప్పేటప్పుడు గుడ్డ జారకుండా కాపాడేది అదే. వీటన్నిటికన్నా నేర్చుకునేవాళ్ళకి మేలు చేసేది వేగానికి హద్దు పెట్టే మీట. దాన్ని తక్కువలో పెడితే పెడల్ ఎంత తొక్కినా మిషన్ మెల్లగానే నడుస్తుంది, మెల్లగా నడిచినా సూది బలం తగ్గదు. ఇంటి మిషన్లలో, కాలి మిషన్ ఇచ్చే అదుపుని మోటారుతో ఇవ్వగలిగేది ఇదొక్కటే.

అయినా మొదటి మిషన్‌గా దీన్ని సిఫారసు చేయడం కష్టం. బోర్డు కాలితే ఖర్చు ఎక్కువ, కరెంటు ఎగుడుదిగుళ్ళున్న చోట స్టెబిలైజర్ పెట్టుకోవాలి, పాతబడ్డాక ధర పడిపోతుంది. ఎంబ్రాయిడరీ కూడా చేసే మోడళ్ళ మీద మోజు పడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: పెళ్ళి జాకెట్ల మీద చూసే మగ్గం వర్క్ చెక్క చట్రానికి గుడ్డ బిగించి చేత్తో వేసేది, ఈ మిషన్‌తో వచ్చేది కాదు.

పవర్ మిషన్: బొటిక్ ఆవిడ మాటలో నిజమెంత

జూకీ, జాక్ పేర్లతో గార్మెంట్ ఫ్యాక్టరీల్లోంచి టైలర్ షాపుల్లోకి, అక్కణ్ణించి ఇళ్ళలోకి వస్తున్న మిషన్ ఇది. బల్ల, మోటారుతో కలిపి కొత్తది దాదాపు 25,000 చుట్టుపక్కల. నిమిషానికి నాలుగైదు వేల కుట్లు. 5,000 దగ్గర లెక్క వేస్తే సెకనుకి ఇరవై సెంటీమీటర్లు. అంటే కొత్తవాళ్ళ చేతిలో ఒక్క పొరపాటు జాకెట్టు పక్క కుట్టులో సగాన్ని మింగేస్తుంది. ఇంతకాలం కొత్తవాళ్ళని దీని దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం ఇదే.

ఆ కారణం ఇప్పుడు కొంత సడలింది. పాత క్లచ్ మోటారు స్విచ్ వేసిన దగ్గర్నుంచి, కుట్టినా కుట్టకపోయినా, హోరుమంటూ తిరుగుతూనే ఉంటుంది. పెడల్ మీద కాలు పడగానే ఆ వేగమంతా సూదికి చేరుతుంది. సర్వో మోటారు పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది, పై వేగానికి హద్దు పెట్టుకోనిస్తుంది. హద్దు తక్కువలో పెట్టిన సర్వో మిషన్ మీద కొత్తవాళ్ళు కూడా నేర్చుకోగలరు. కుట్టు నాణ్యతలో, మందం మీద నడకలో దీనికి సాటి లేదు.

కానీ ఇది కూడా తిన్న కుట్టు ఒక్కటే వేస్తుంది. బల్ల గదిలో ఒక మూలని శాశ్వతంగా ఆక్రమిస్తుంది. దీని సూది కాడ గుండ్రంగా ఉండే వేరే రకం. ఇంటి మిషన్ల చదును కాడ సూదులు దీనికి పనికిరావు. రోజుకి నాలుగు గంటలకు తక్కువ కుట్టే ఇంటికి ఈ వేగం ఎందుకో జవాబు దొరకదు. షాపు పెడతానని నిశ్చయించుకున్నవాళ్ళకి, ఇప్పటికే ఎవరి మిషన్ మీదైనా కొంత నేర్చుకున్నవాళ్ళకి మాత్రం బొటిక్ ఆవిడ మాట సరైనదే. రెండుసార్లు ఖర్చు పెట్టేకన్నా నేరుగా దీనికి వెళ్ళడం నయం. క్లచ్ మోటారుతో చవగ్గా వస్తోందని ఆశపడకుండా ఉంటే చాలు.

రెండు వేల మిషన్

దీని గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. చేత్తో పట్టుకుని నొక్కే రకం వేసేది ఒంటి దారం గొలుసు కుట్టు, కొస లాగితే మొత్తం ఊడిపోతుంది. బల్ల మీద పెట్టే చిన్న రకం రెండు దారాలతో కుట్టినా, రెండు పొరల పల్చటి నూలుగుడ్డ దాటితే మొరాయిస్తుంది. చాలావాటికి విడిభాగాలు దొరకవు. నేర్చుకునేవాళ్ళకి ఇది చేసే అసలు హాని డబ్బు పోవడం కన్నా పెద్దది: కుట్టు సరిగా పడకపోతే లోపం తమ చేతిలోనే ఉందనుకుని మానేస్తారు.

పాత మిషన్, అమెరికా మిషన్

తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్ళకి నిజమైన దారి పాత నల్ల మిషన్. అమ్మమ్మ కాలం నాటి తల, పైన బంగారు పూలు చెరిగిపోయినా, లోపల అరగకపోతే కొత్తదానితో సమానంగా కుడుతుంది. చూడాల్సినవి కొన్నే. బెల్టు తీసి చక్రం తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరగాలి. సూది పట్టుకున్న కడ్డీని వేళ్ళతో పక్కలకి కదిపితే ఊగకూడదు. కింద పళ్ళు వేలికి గరుకుగా తగలాలి. నున్నగా అరిగితే గుడ్డ జరగదు, కానీ అవి మార్చుకోవచ్చు. షటిల్ దగ్గర తుప్పు, గీతలు ఉంటే దారం తరచూ తెగుతుంది. నూనె ఎండి బిగుసుకున్న మిషన్‌ని చూసి భయపడక్కర్లేదు. కిరోసిన్‌తో కడిగి మిషన్ నూనె వేస్తే చాలావరకు కదులుతుంది. వంటనూనె, కొబ్బరినూనె వేసిన మిషన్లు మాత్రం బంకపట్టి ఉంటాయి, బాగుచేయడానికి ఎక్కువ సమయం పడుతుంది.

అమెరికా నుంచి కూతురో కోడలో పంపే మిషన్ ఇంకో ప్రత్యేక సమస్య. అక్కడి ఇళ్ళ కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. నేరుగా ప్లగ్గు పెడితే మోటారు, బోర్డు రెండూ పోతాయి. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోవాలి, వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు. సూదులు మాత్రం చాలావరకు అవే కాబట్టి దొరుకుతాయి. అటునుంచి మిషన్ మోసుకురావడం కన్నా ఆ డబ్బుతో ఇక్కడ కొనడమే తెలివి. ఇక్కణ్ణించి అక్కడికి మోసుకెళ్ళే మోటారు మిషన్‌దీ అదే కథ.

షాపులో అరగంట

షాపువాళ్ళు మిషన్ నడిపి చూపించేటప్పుడు సాధారణంగా గంజి పెట్టిన మందపాటి నూలుగుడ్డ వాడతారు. దాని మీద ఏ మిషన్ అయినా బాగానే కుడుతుంది. మన గుడ్డలు మనమే తీసుకెళ్ళాలి: జాకెట్టుకి వాడే టూ బై టూ ముక్క, జారిపోయే సిల్కు లేదా క్రేపు ముక్క, పాత జీన్స్ ప్యాంటు కాలు. పై దారం ఒక రంగు, అడుగు దారం ఇంకో రంగు పెట్టించి కుట్టమనాలి. పైన అడుగు దారం చుక్కలు తేలినా, కింద పై దారం ఉచ్చులుగా వేలాడినా దారం బిగువు (టెన్షన్) సరిచేయమనాలి. సరిచేసినా మారకపోతే ఆ మిషన్ వద్దు. కింద ఉచ్చులు పడితే తప్పు చాలావరకు పై దారంలోనే ఉంటుందన్నది కొత్తవాళ్ళకి వింతగా ఉంటుంది గానీ అదే నిజం. పై దారం వదులైతే అడుగు దారం దాన్ని కిందికి లాగేస్తుంది.

జీన్స్‌ని నాలుగు మడతలు పెట్టి, 16వ నంబరు సూదితో నాలుగు అంగుళాలు కుట్టించాలి. సిల్కుకి 11, మామూలు నూలుకి 14. సూది మార్చకుండా అన్నిటి మీదా కుట్టి చూపిస్తే ఆ పరీక్షకి విలువ లేదు. తర్వాత ఎదురుగా మనమే కూర్చుని, వీలైనంత మెల్లగా ఒక గుండ్రం కుట్టి చూడాలి. షోరూం కుర్రాడి చేతిలో బాగా నడవడం మిషన్‌కి పరీక్ష కాదు.

మోటారు వాట్లు ఎక్కువైతే బలం ఎక్కువని షాపులో అంటారు. వాట్లు మోటారు తాగే కరెంటుని చెబుతాయి, సూదికి చేరే బలాన్ని చెప్పవు. జీన్స్ పరీక్ష ఆ సంగతి తేలుస్తుంది. చివరిగా రెండు ప్రశ్నలు: బాగుచేసే మనిషి ఎక్కడుంటాడు, బాబిన్లు ఎక్కడ దొరుకుతాయి. లోహపు బాబిన్ వాడే మిషన్‌లో ప్లాస్టిక్‌ది, ప్లాస్టిక్‌ది వాడేదాంట్లో లోహపుది పెట్టడం వల్ల వచ్చే తంటాలు ఎన్నో ఉంటాయి. అందువల్ల దానికి తగిన బాబిన్లు ఆ రోజే అరడజను కొనుక్కోవాలి.

మిషన్ పక్కన ఖర్చు

చేతిలో 12,000 ఉంటే మొత్తం మిషన్ మీదే పెట్టడం కొత్తవాళ్ళు చేసే పని. గుడ్డ కత్తిరించడానికే కేటాయించిన మంచి కత్తెర, టేపు, మార్కింగ్ చాక్, రెండు మూడు నంబర్ల సూదులు, నాణ్యమైన దారం, ఇస్త్రీపెట్టె. ఇవన్నీ కలిపి రెండు మూడు వేలు అవుతాయి. కుట్టిన ప్రతి జోడింపునీ ఇస్త్రీ చేసి అణచకపోతే ఎంత మంచి మిషన్ మీద కుట్టినా జాకెట్టు షాపులో కుట్టినట్టు ఉండదు. చవక దారం నూలుపొడి రాలుస్తుంది, షటిల్‌లో పేరుకుంటుంది, కుట్టు తప్పిస్తుంది. మిషన్ మీద నుంచి ఆ మేరకు తగ్గించి వీటి మీద పెడితే తేడా వెంటనే కనిపిస్తుంది.

ప్రభుత్వ పథకాల వైపూ చూడాలి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ, పనిముట్లకి 15,000 రూపాయల దాకా వోచరు, ఆపై 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల వరకు రుణం అందులో ఉన్నాయి. అయితే అది ఇప్పటికే ఈ పని చేసుకుంటున్నవాళ్ళ కోసం. రేపు నేర్చుకుంటానన్నవాళ్ళకి వర్తించదు. కాబట్టి ముందు పాత మిషన్ మీద నేర్చుకుని, పని మొదలుపెట్టాక ఆ వోచరుతో మంచి మిషన్‌కి మారడం తెలివైన క్రమం. తెలంగాణలో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకి ఇస్తున్నారు. అలాంటి పనిలో చేరాలనుకునేవాళ్ళు సంఘం ఏ మిషన్లు వాడుతోందో చూసి అదే రకం తీసుకుంటే, నేర్పే మనిషి, బాగుచేసే మనిషి, విడిభాగాలు ఒకేచోట దొరుకుతాయి.

ఎవరికి ఏది

ఊళ్ళోనో చిన్న పట్నంలోనో ఉంటూ, జాకెట్లు ప్రధానంగా, ముందుముందు నలుగురికి కుట్టి సంపాదించాలనుకుంటే: లింక్ మోషన్ నల్ల మిషన్, కాలి స్టాండుతో. మోటారు ఆరు నెలల తర్వాత. డబ్బు తక్కువైతే అదే రకం పాతది, మెకానిక్‌ని వెంటబెట్టుకుని.

పట్నంలో అపార్టుమెంటులో, ఇంటి బట్టలు, పిల్లల బట్టలు, మార్పులు చేర్పుల కోసమైతే: పొడవు వెడల్పు మార్చుకోగలిగే మధ్యరకం పోర్టబుల్ జిగ్‌జాగ్. అలంకార కుట్ల కోసం అదనంగా ఒక్క రూపాయి వద్దు.

మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దావిడకి: మోటారు బిగించిన నల్ల మిషన్, లేదా వేగం మీట ఉన్న కంప్యూటర్ మిషన్, ఖర్చు భరించగలిగితే.

షాపు పెట్టడం ఖాయమై, కుట్టు కొంత వచ్చినవాళ్ళకి: సర్వో మోటారు పవర్ మిషన్.

పదిహేనేళ్ళ పిల్ల సరదాగా అడిగితే: కొనకండి, ముందు పక్కింటి మిషన్ మీద వేసవి సెలవులు గడపనివ్వండి.

ఈ జాబితాలో నల్ల మిషన్‌కి ఎక్కువ చోటు దక్కడానికి పాతకాలం మీద ప్రేమ కారణం కాదు. మొదట పెట్టుకున్న మూడు గీటురాళ్ళ మీదా తక్కువ ఖర్చుతో నిలబడేది ప్రస్తుతం అదొక్కటే. పోర్టబుల్‌కి మెల్లదనం తక్కువ, కంప్యూటర్‌కి మరమ్మతు దూరం, పవర్ మిషన్‌కి మొదటి ఖర్చు ఎక్కువ. కంపెనీలు మధ్యరకం పోర్టబుల్‌లో కూడా వేగం మీట పెట్టి, మండల కేంద్రాల దాకా సర్వీసు తెచ్చిన రోజున ఈ లెక్క మారుతుంది, మారాలి కూడా.

ఒక్క మాట మిగిలింది. ఏడాది కుట్టాక చాలామంది మిషన్ చాలడంలేదనుకుని ఇంకాస్త ఖరీదైన కుట్టు మిషన్ వైపు చూస్తారు. అప్పటికి తిన్న కుట్టు బాగానే పడుతుంటుంది. నచ్చనిది జాకెట్టు లోపలి అంచు. దానికి మందు ఇంకో కుట్టు మిషన్‌లో ఉండదు. మొదటిదాన్ని అలాగే ఉంచుకుని, రెండో మిషన్‌గా, గుడ్డ అంచుని దారాలతో చుట్టే మూడు దారాల ఓవర్‌లాక్ కొనుక్కోవాలి.